పాత చలనచిత్రాలలో జపాను యుద్ధవిద్యా సాధన: ఒక పరిశీలన

యుద్ధవిద్యను గురించి గ్రంథంలో చదవడం వేరు, ఆ విద్యలో ఆరితేరిన ఆచార్యుని కళ్ళారా చూడడం వేరు. అడుగు ఎక్కడ వేయాలో గ్రంథం చెప్పగలదు. ఆ అడుగు ఎంతసేపు ఆగి, ఏ క్షణాన కదిలినదో చెప్పజాలదు. ఈ లోటును కొంతవరకు తీర్చినది చలనచిత్రం. జపాను దేశపు పూర్వాచార్యులు గతించి దశాబ్దాలు గడచినా, వారి సాధన నలుపు తెలుపు చిత్రాలలో నిలిచి ఉన్నది. ఈనాడు ఆ చిత్రఖండాలు విద్యార్థి చేతిలోని ఫోనులో సైతం లభిస్తున్నవి. అయితే వాటిని ఎట్లా చూడాలన్నది నేర్చుకొనవలసిన విషయమే. ఈ వ్యాసోద్దేశం అదే.

ముందుగా కొంత చరిత్ర అవసరం. 1876లో జపాను ప్రభుత్వం సామురాయి యోధులు బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. దానితో కత్తిసాము, మల్లవిద్య నేర్పే గురువులలో అనేకులకు జీవనాధారం లోపించింది. అటువంటి కాలంలో 1882లో జిగొరో కానో అనే యువ విద్యావేత్త, టోక్యోలోని ఎయిషోజి బౌద్ధాలయంలో, 12 చాపలు పట్టే చిన్న గదిలో కొదోకాన్ అనే సాధనశాలను నెలకొల్పాడు. ప్రాచీన జుజుత్సులోని ప్రమాదకరమైన పట్లను తొలగించి, విద్యార్థులకు తగినట్లుగా ఆయన రూపొందించిన విద్యయే జూడో. 1895లో క్యోటో నగరంలో బుతోకుకై అనే సంస్థ వెలసి, అంతరిస్తున్న యుద్ధవిద్యలను ఒక చోటికి చేర్చింది. సరిగా ఈ పునరుజ్జీవన కాలంలోనే చలనచిత్ర యంత్రం జపానులో అడుగుపెట్టింది. ఫ్రాన్సు దేశపు ల్యూమియేర్ సోదరుల పక్షాన వచ్చిన కాన్‌స్టాంట్ గిరెల్ 1897లో జపాను కత్తిసామును చిత్రించాడు. ఆనాటి ల్యూమియేర్ చిత్రం నిడివి ఒక నిమిషం కూడ ఉండదు.

అట్టి చిత్రాన్ని చూచినవారికి మొదట కలిగే భ్రమ వేగాన్ని గురించినది. మనుష్యులు కీలుబొమ్మలవలె గబగబ కదలుతారు. చూచేవారికి నవ్వు వస్తుంది. దోషం వారిది కాదు, యంత్రానిది. తొలినాటి చిత్రాలను చేతితో పిడి త్రిప్పుతూ, సెకనుకు సుమారు 16 బొమ్మల చొప్పున తీసేవారు. తరువాత వచ్చిన యంత్రాలు సెకనుకు 24 బొమ్మలు చూపుతవి. అప్పుడు 50 సెకనుల సాధన 33 సెకనులలో ముగుస్తుంది. కనుక పాత చిత్రం చూచి “ఎంతటి మెరుపు వేగం!” అని ఆశ్చర్యపడడమూ పొరపాటే, “ఇదేమి గంతులు!” అని హేళన చేయడమూ పొరపాటే. వేగాన్ని సరిదిద్దిన ప్రతిని చూచిన పిమ్మటనే అభిప్రాయం చెప్పాలి.

రెండవ భ్రమ ఇంతకంటె సూక్ష్మమైనది. “ఎదుటివాడు కావాలనే పడిపోతున్నాడు, ఇది నిజమైన పోరాటం కాదు” అని పలువురు ఆక్షేపిస్తారు. ఆ చిత్రాలలో అధికభాగం పోరాటం కాదన్నమాట నిజమే. అవి ‘కతా’ అనబడే క్రమబద్ధమైన అభ్యాసరూపాలు. ఎవరు ముందు కదలాలో, ఎవరు ఎట్లా సమాధానం చెప్పాలో ఇద్దరికీ ముందే తెలుసు. పలకమీద ఓనమాలు దిద్దుతున్న బాలుణ్ణి చూచి “వీడు కవిత్వం వ్రాయడం లేదు” అని ఎవరైనా నిందిస్తారా? జూడోలో కతాతో పాటు ‘రందొరి’ అనే స్వేచ్ఛాభ్యాసం కూడ ఉన్నది. అందులో ముందస్తు ఒప్పందం లేదు. చూచే చిత్రం ఈ రెండింటిలో దేనికి చెందినదో తెలిసికొనకుండా విమర్శకు పూనుకొనరాదు.

ఇక ఆ పడిపోవువాని సంగతి. 1935లో ఒసాకాలోని అసాహి పత్రికా సంస్థవారు మోరిహేయ్ ఉయెషిబా సాధనను చిత్రించారు. తరువాత ఐకిదో అని పేరుపొందిన విద్యకు ఆయనే ప్రవర్తకుడు. చూపరుల దృష్టి సహజంగా ఆయనమీదనే నిలుస్తుంది. కాని ఒకసారి ఆయనను విడిచి, ఆయన విసరివేసే శిష్యులను మాత్రమే చూడండి. గడ్డం రొమ్ముకు ఆనించి తలను కాపాడుకొనడం, వీపును గుండ్రంగా వంచి దొర్లడం, చేతితో చాపను చరచి దెబ్బ బలాన్ని పంచివేయడం, వెంటనే లేచి మరల ఎదుట నిలవడం—ఇదంతా ఒక విద్య. దీనిని ‘ఉకెమి’ అంటారు. జూడోలో ప్రవేశించిన విద్యార్థికి ఇతరులను పడవేయడానికి ముందు తాను పడడం నేర్పుతారు. క్షేమంగా పడగల సహచరుడు లేనిదే పడవేయువాని అభ్యాసం ఒక్క దినమైనా సాగదు.

కత్తిసాములో ఈ ధర్మం మరింత విశేషంగా కనిపిస్తుంది. 1912లో రూపొందిన కెండో కతాను తకానో ససబురో, నకయామా హకుదో అనే ప్రసిద్ధ ఖడ్గాచార్యులు ప్రదర్శించిన పాత చిత్రం ఒకటి ఉన్నది. ఆ కతాలో ‘ఉచిదాచి’ అనే పాత్ర గురువుది, ‘షిదాచి’ అనే పాత్ర శిష్యునిది. ప్రతి ఘట్టంలోను చివరకు గెలిచేది శిష్యుడే. గురువు సరియైన దూరంలో, సరియైన అదనులో నిజాయితీగా దెబ్బ వేసి, శిష్యునికి గెలిచే దారి చూపి, తాను ఓటమిని స్వీకరిస్తాడు. బోధనావృత్తిలో ఉన్న మాబోటి వారు ఈ చిత్రాన్ని ఒకటికి రెండుసార్లు చూడడం మంచిది.

1955లో వెలువడిన చిత్రంలో క్యూజో మిఫునె అనే జూడో ఆచార్యుడు దర్శనమిస్తాడు. అప్పటికి ఆయన వయస్సు 70 దాటినది. మనిషి పొట్టి, దేహం బక్కపలుచన. బలిష్ఠులైన యువకులు ఆయనను ఎత్తివేయబోతే, ఆయన బలానికి బలం ఒడ్డడు. వారి ఊపుతోపాటు కదలి, నేలమీద పాదాలు ఆనించి నిలబడతాడు. ఆయన చేతులకంటె పాదాలను గమనించినవారికి ఎక్కువ లాభం.

చివరగా, చిత్రపు అంచులకు వెలుపల ఏమున్నదో కూడ విచారించాలి. 1931లో జపాను ప్రభుత్వం జూడోను, కెండోను మాధ్యమిక పాఠశాలలలో నిర్బంధం చేసింది. క్రమంగా ఈ విద్యలు సైనికవాదానికి సాధనాలైనవి. అందుచేతనే యుద్ధానంతరం 1945లో వాటిని పాఠశాలలనుండి తొలగించారు. 1946లో బుతోకుకై రద్దయినది. శక్తిని ఉత్తమంగా వినియోగించుట, తానూ పరులూ కలిసి అభివృద్ధి చెందుట—ఇవి కానో బోధించిన రెండు సూత్రాలు. ఆయన 1938లో మరణించునాటికి ఆయన దేశం చైనాతో యుద్ధంలో మునిగి ఉన్నది. చాపమీద వంగి నమస్కరించిన యువకులే యుద్ధరంగానికీ నడిచారు. క్రమశిక్షణ గొప్పదే, కాని అది ఎవరి చేతిలో, ఏ ప్రయోజనానికి ఉపయోగపడుతున్నదని ప్రశ్నించే వివేకం దానితోపాటు లేకపోతే అనర్థం తప్పదు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో జూడో ప్రవేశించి, సర్వదేశాల యువకులకు స్నేహపూర్వకమైన పోటీగా పరిణమించడం సంతోషించదగిన విషయం.

విద్యార్థులారా! ఇట్టి చిత్రం మీ కంటబడినప్పుడు వేగాన్ని శంకించండి. అది అభ్యాసమా, పోటీయా అని విచారించండి. గెలిచినవానితోపాటు పడినవానినీ పరిశీలించండి. అది ఏ సంవత్సరంలో, ఎవరికొరకు తీసినదో అడగండి. ఈ ప్రశ్నలు యుద్ధవిద్యకే కాదు, మీరు చదివే ప్రతి చరిత్ర పుటకూ వర్తిస్తవి.