డయలర్‌లో 1 పైన, కాలిక్యులేటర్‌లో 7 పైన: ఎందుకిలా?

మీ ఫోన్‌లో డయలర్ ఓపెన్ చేయండి. పై వరసలో 1, 2, 3. ఇప్పుడు కాలిక్యులేటర్ యాప్ తెరవండి. పైన 7, 8, 9. ఒకే ఫోన్‌లో రెండు అమరికలు!

మా మామకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి. పాతికేళ్లుగా కాలిక్యులేటర్‌ను చూడకుండానే నొక్కుతాడు. మొన్న పులివెందులకు సరుకు తీసుకెళ్లిన జమ్మలమడుగు వ్యాన్ డ్రైవర్‌కు యూపీఐలో 1,750 బాడుగ పంపబోయి 7,150 పంపేశాడు. డ్రైవర్ మంచోడు కాబట్టి 5,400 తిరిగొచ్చింది. "మీ సాఫ్ట్‌వేరోళ్లు ఏం చేశార్రా?" అని నాకు ఫోన్.

మామ వేలు తప్పలేదు. కాలిక్యులేటర్‌లో 1 ఉండే చోట యూపీఐ కీప్యాడ్‌లో 7 ఉంటుంది, 7 చోట 1 ఉంటుంది. 5 మాత్రం కదలదు, 0 కింది వరసలోనే ఉంటుంది. అలా 1750 కాస్తా 7150 అయింది.

కాలిక్యులేటర్ అమరిక చాలా పాతది, 1910ల నాటి సండ్‌స్ట్రాండ్ కూడిక యంత్రంలోనే ఉంది. ఫోన్ అమరిక మాత్రం అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తేలింది. తిప్పే డయల్ తీసేసి బటన్లు పెట్టాలనుకున్నప్పుడు, సైకాలజిస్ట్ జాన్ కార్లిన్ టీమ్ 16 రకాల అమరికలు తీసుకుని మనుషులతో నంబర్లు నొక్కించింది. ఎంత టైమ్ పట్టింది, ఎన్ని తప్పులు పడ్డాయి, ఏది నచ్చింది అని లెక్కగట్టింది. ఫలితాలు 1960లో అచ్చయ్యాయి, 1963 నవంబరులో టచ్‌టోన్ ఫోన్ వచ్చింది. అంతకుముందే, 1955లో లట్జ్, చపానిస్ అనే పరిశోధకులు ఏ అంకె ఎక్కడుంటుందని అనుకుంటారో జనాన్నే అడిగారు. ఎక్కువమంది పుస్తకం చదివే వరసలోనే చెప్పారు.

ఆ కాలపు డిజైన్ అనగానే టెక్ రివ్యూల్లో డీటర్ రామ్స్, బ్రౌన్ కాలిక్యులేటర్, ఐఫోన్ పోలికలే వస్తాయి. అది చూపుకు సంబంధించిన కథ. ఈరోజు మేం యాప్ రిలీజ్‌కు ముందు చేసే యూజర్ టెస్టింగ్‌కు మాత్రం కార్లిన్ లాంటివాళ్లే దారి వేశారని నా అభిప్రాయం.

అయితే వాళ్లు టెస్ట్ చేసింది ఫోన్ నంబర్లతో. అప్పట్లో అంకె తప్పితే రాంగ్ నంబర్, అంతే. మనం అదే కీప్యాడ్‌ను డబ్బుకు వాడేస్తున్నాం. చెక్కు మీద రాసినట్టు, పిన్ అడిగే ముందు "ఏడు వేల నూట యాభై" అని అక్షరాల్లో పెద్దగా చూపించాలి. పేమెంట్ యాప్ రివ్యూ చేసేటప్పుడు నేనిప్పుడు మొదట చూసేది ఇదే.

మామ మాత్రం ఫోన్ మీద చూపుడువేలు ఒక్కటే వాడుతున్నాడు, ఒక్కో అంకె పైకి చదువుకుంటూ.