హెల్‌యా: మోతలో ఉన్న లెక్క

హెవీ మెటల్ అనగానే మనలో చాలామంది చెవులు మూసుకుంటారు. మోత ఉన్నమాట నిజమే. కాని ఆ మోతకూ ఒక లెక్క ఉంది. 2006లో అమెరికాలో ఏర్పడిన హెల్‌యా అనే బృందాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ లెక్క చూద్దాం.

ఇందులో గ్రూవ్ మెటల్, సదరన్ రాక్ అనే రెండు బాణీలు కలిశాయి. మొదటిదాన్ని 1990ల ఆరంభంలో టెక్సాస్‌కు చెందిన పాంటెరా బృందం ప్రచారంలోకి తెచ్చింది. అంతకుముందున్న థ్రాష్ మెటల్‌లో పరుగే ప్రధానం. పాంటెరా ఆ పరుగుకు కళ్ళెం వేసి, గిటారు దెబ్బా, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బా ఒకే క్షణంలో పడేట్టు చేసింది. అరచేతి అంచు తీగల మీద ఆనించి మీటితే నాదం వెంటనే అణిగిపోతుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ మిగులుతుంది. తల ఊగేది ఆ ఖాళీ వల్లనే! మా నాన్నకి వినిపిస్తే, "ఇదేం పాటరా, మన ఆయిలింజను లాగుంది" అన్నాడు. వెక్కిరింపుగానే అన్నాడుగాని, నాకింతవరకు అంతకంటే మంచి నిర్వచనం దొరకలేదు.

ఇక కొంచెం ఫిజిక్సు. తీగ పౌనఃపున్యం దాని బిగువు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఇంటర్లో చదివాం కదా. గిటారులోని లావు తీగ మామూలుగా సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. మెటల్ వాళ్ళు దాన్ని తరచు 73కి దించుతారు. అందుకు బిగువు ఐదోవంతు తగ్గితే చాలు. కావాలంటే లెక్క వేసి చూడండి.

సదరన్ రాక్ అమెరికా దక్షిణ రాష్ట్రాలది. 1970లలో ఆల్‌మన్ బ్రదర్స్, లినర్డ్ స్కినర్డ్ బృందాలు దాన్ని పెంచాయి. వేలికి గాజు గొట్టం తొడిగి తీగ మీద జారిస్తే స్వరం మెట్లెక్కకుండా జారుతూ పోతుంది. గమకం విన్న చెవికి ఇది పరాయిది కాదు.

అయితే పాంటెరాలో ఆ గిటారూ డ్రమ్మూ అంతగా కలిసి పడడానికి ఇంకో కారణం ఉంది. వాయించినవాళ్ళు అన్నదమ్ములు. అన్న విన్నీ పాల్ డ్రమ్ములు, తమ్ముడు డైమ్‌బ్యాగ్ డారెల్ గిటారు. 2003లో పాంటెరా విడిపోయాక ఇద్దరూ కలిసి మరో బృందం నడిపారు. 2004 డిసెంబరు 8న ఒహాయోలోని కొలంబస్‌లో, కచేరీ జరుగుతుండగా వేదిక మీదే ఒకడు డారెల్‌ను కాల్చి చంపాడు. వెనక డ్రమ్ముల దగ్గర అన్న ఉన్నాడు.

హెల్‌యా డ్రమ్మర్ ఆ అన్నే. 2018 జూన్ 22న ఆయనా పోయాడు. బృందం 2019లో విడుదల చేసిన 'వెల్‌కమ్ హోమ్' ఆల్బంలో ఆయన అంతకుముందు వాయించి ఉంచిన డ్రమ్ములే వినిపిస్తాయి.