నీళ్ళు తిరగడం ఆగిపోతే

మా రూమ్మేట్ తన కంప్యూటర్‌ని ఒక సీనియర్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. గాలి ఫ్యాన్‌తో కాకుండా నీళ్ళతో చల్లబడే రకం. ప్రాజెక్టు రివ్యూ ఇంకో ఆరు రోజులుందనగా అది ఆన్ చేసిన కాసేపటికే ఆరిపోవడం మొదలుపెట్టింది. బయోస్‌లోకి వెళ్ళి చూస్తే ప్రాసెసర్ వేడి మా కళ్ళముందే 60, 75, 90 అంటూ ఎక్కుతోంది. పంపు వేగం ఉండాల్సిన చోట సున్నా. "పంపు పోయింది మామా" అని తేల్చేసి, వెంటనే కొత్తది ఆర్డర్ పెట్టేశాం. ఆ తేల్చేయడంలో సగం తప్పు ఉందని తర్వాత తెలిసింది.

ముందు ఓ చిన్న లెక్క చూద్దాం, థర్మో క్లాసులో నేర్చుకున్నదే. ప్రాసెసర్ 150 వాట్ల వేడి వదులుతోంది అనుకోండి. నిమిషానికి ఒక లీటరు చొప్పున నీళ్ళు దాని మీది కాపర్ బ్లాకులోంచి పోతున్నాయి. నీటి విశిష్టోష్ణం కిలోకి సుమారు 4186 జౌళ్ళు కాబట్టి, బ్లాకులోకి వెళ్ళే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా రెండు డిగ్రీలకు కాస్త ఎక్కువ, అంతే. చేత్తో పట్టుకుంటే రెండు ట్యూబులూ ఒకేలా అనిపిస్తాయి. అదే పంపు ఆగిపోతే బ్లాకులో చిక్కుకున్న ఓ పది మిల్లీలీటర్ల నీళ్ళే ఆ వేడంతా మోయాలి. అప్పుడు సెకనుకు మూడున్నర డిగ్రీల చొప్పున ఎక్కుతుంది! మిగతా లీటరు నీళ్ళు రేడియేటర్లో హాయిగా చల్లగా కూర్చునే ఉంటాయి.

దీన్నిబట్టి ఏ పరికరమూ లేకుండా చేసుకోగల పరీక్ష ఒకటుంది. బ్లాకు నుంచి వచ్చే ట్యూబు వెచ్చగా, వెళ్ళే ట్యూబు చల్లగా చేతికి స్పష్టంగా తెలుస్తోందంటే ప్రవాహం సరిగ్గా లేదు. రెండూ ఒకేలా వేడెక్కి ఉంటే నీళ్ళు బాగానే తిరుగుతున్నాయి, తప్పు రేడియేటర్ ఫ్యాన్లదో, దుమ్ముదో. రెండూ చల్లగా ఉండి ప్రాసెసర్ మాత్రం మండుతోందంటే నీళ్ళు అసలు కదలట్లేదు, లేదా బ్లాకుకీ ప్రాసెసర్‌కీ మధ్య థర్మల్ పేస్టు ఎండిపోయింది. పంపు మీద చెయ్యి పెడితే సన్నటి వణుకు తెలియాలి. మా దానిలో అదీ లేదు.

మాది డి5 అనే రకం, లాయింగ్ అనే సంస్థ రూపొందించింది. 12 వోల్టుల మీద నడుస్తుంది. దీనిలో నాకు బాగా నచ్చిన విషయం, మోటారుకి మామూలు షాఫ్టే ఉండదు. రెక్కలతో కలిసి ఉన్న గిన్నెలాంటి రోటర్ ఒక చిన్న సిరామిక్ గుండు మీద కూర్చుని ఉంటుంది. గోడ అవతల ఉన్న కాయిల్స్ అయస్కాంత శక్తితో దాన్ని తిప్పుతాయి. సీలు లేదు కాబట్టి లీకవ్వడానికి చోటూ లేదు. ఆ గుండుకి నూనె కూడా ఉండదు, తిరిగే నీళ్ళే దానికి నూనె. నీళ్ళు లేకుండా తిప్పితే ఆ బేరింగే అరిగిపోతుంది.

కొత్తది రాగానే మేం చేసిన పొరపాటు సరిగ్గా అదే. పంపు బిగించాం, వైర్లు పెట్టాం, "ఒకసారి తిరుగుతుందో లేదో చూద్దాం రా" అని పొడిగానే స్విచ్ వేశాం. కరకరమని చప్పుడు. రెండు సెకన్లలో ఆపేశాం కాబట్టి బతికింది. రాత్రి ఫోన్లో నాన్నకి ఈ సంగతి చెబితే, "నీళ్ళు పొయ్యకుండా మోటరెట్టా ఏశార్రా?" అన్నాడు. నిజమే కదా! బావి దగ్గర మోటారు వేసే ముందు బిందెతో నీళ్ళు పోసి, గాలి పోయాకే స్విచ్ వేయడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. అదీ సెంట్రిఫ్యూగల్ పంపే, ఇదీ అదే. రెండూ గాలిని పీల్చలేవు. అందుకే నీళ్ళ ట్యాంకు పంపు ప్రవేశద్వారం కన్నా పైన ఉండాలి, నీళ్ళు బరువుతోనే దానిలోకి దిగాలి.

ఇక మార్చడం. కరెంటు తీసేసి, అన్నిటికన్నా కిందున్న ఫిట్టింగ్ విప్పి నీళ్ళు బేసిన్‌లోకి దించాలి. కేబినెట్‌ని అటూ ఇటూ వంచితేగానీ రేడియేటర్లో ఉన్నది రాదు. ఫిట్టింగుల్లోని రబ్బరు రింగులు నలిగి ఉంటే పారేయండి. కొత్తవి చేత్తో బిగిస్తే చాలు, పానాతో బలం చూపిస్తే రింగు చితికిపోతుంది. పంపుకి నీళ్ళు మధ్యలోంచి వెళ్ళి పక్కనుంచి బయటికి వస్తాయి, తారుమారు చేయకండి. పవర్ నేరుగా సప్లయి నుంచే ఇవ్వాలి. ఈ రకం గరిష్ఠంగా 23 వాట్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు రెండు ఆంపియర్లు. మదర్‌బోర్డు మీది మామూలు ఫ్యాన్ పిన్ను ఒక ఆంపియర్‌కే పరిమితం. వేగం చూపించే సన్న వైరు మాత్రం బోర్డుకి పెట్టాలి.

నింపేటప్పుడు బోర్డుకీ, గ్రాఫిక్స్ కార్డుకీ, డిస్కులకీ వెళ్ళే పవర్ కేబుళ్ళన్నీ పీకేసి, పంపుకి మాత్రమే కరెంటు ఉంచండి. ఎక్కడైనా కారినా ఆరబెట్టుకునే అవకాశం ఉంటుంది. సప్లయి ఆఫ్‌లో ఉండగానే 24 పిన్నుల కనెక్టర్లో ఆకుపచ్చ వైరుని ఏదైనా నల్ల వైరుకి కలిపితే, బోర్డు లేకుండానే సప్లయి ఆన్ అవుతుంది. వైర్లన్నీ నలుపే అయితే 16వ పిన్ను చూసుకోండి. ట్యాంకు నింపి, రెండు మూడు సెకన్లు వేసి ఆపండి. నీటిమట్టం పడిపోతుంది, మళ్ళీ పోయండి, మళ్ళీ వేయండి. మాకు ఇలా పది పన్నెండు సార్లు పట్టింది. ఆ తర్వాత ప్రతి కీలు కింద టిష్యూ పేపర్ పెట్టి ఒక రోజంతా పంపుని తిప్పాం. రాత్రి ఒక పేపర్ తడిసింది. ఒక ఫిట్టింగ్ పావు చుట్టు వదులుగా ఉంది.

నీళ్ళ విషయంలో బద్ధకం వద్దు. హాస్టల్ వాటర్ టిన్నులో నీళ్ళు తాగడానికి మంచివే కానీ వాటిలో లవణాలు ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్, దానిలో నాచు పట్టకుండా బయోసైడ్ కొన్ని చుక్కలు. రాగి రేడియేటర్ ఉన్నచోట అల్యూమినియం భాగాలు కలిపితే ఎలక్ట్రోకెమిస్ట్రీ చాప్టర్ మొత్తం మీ కేబినెట్లోనే జరుగుతుంది. (కంపెనీ నుంచి సీలు చేసి వచ్చే యూనిట్లకి ఇవేమీ వర్తించవు. వాటిని విప్పడానికి తయారుచేయలేదు, పంపు పోతే మొత్తం మార్చాల్సిందే.)

అంతా అయ్యాక పాత పంపు విప్పి చూశాం. పైమూత తీస్తే రోటర్ చేత్తోనే ఊడి వచ్చింది. రెక్కకీ గోడకీ మధ్య ఒక ప్లాస్టిక్ పీలిక, ఎవరో ట్యూబుని కత్తితో వంకరగా కోసినప్పుడు తెగిపడింది. దాన్ని తీసి, బకెట్లో ముంచి కరెంటిస్తే బ్రహ్మాండంగా తిరిగింది! బ్లాకు విప్పితే సన్న గాడుల్లో తెల్లటి జిగురు. మెత్తని పారదర్శక ట్యూబుల్లోంచి కాలక్రమేణా ఊరే ప్లాస్టిసైజర్ అది. మెత్తని టూత్‌బ్రష్‌తో కడిగి, ట్యూబులు మార్చి, మళ్ళీ మొదటి నుంచి నింపాం. ముందే విప్పి ఉంటే కొత్త పంపు ఖర్చూ, నాలుగు రోజులూ మిగిలేవి. రివ్యూకి మాత్రం ఒక రాత్రి ముందు అందుకున్నాం.

పాత పంపు మా రూములో స్టీలు డబ్బాలో ఉంది. ఎవరిదైనా ఆగిపోతే, విప్పి చూసుకున్న తర్వాతే అడగడానికి రండి.