అన్నము, నీరు, కులము

పి.గన్నవరము కడ వైనతేయ గోదావరి మీదుగా కాలువను దాటించు అక్విడక్టును చూడనివారు మనలో నుండరు. పాతదాని ప్రక్కన వెలసిన క్రొత్త కట్టడమునకు 2000 సంవత్సరమున డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. అన్నము పెట్టిన యొక గృహిణి పేరు కాలువకట్టడమునకు వచ్చుట యేల? కులవ్యవస్థను తెలిసికొనగోరువారు ఈ ప్రశ్నతో మొదలిడుట మేలని మాకు తోచినది.

గ్రంథములు వర్ణములు నాలుగని చెప్పును. గ్రామములో వెదకిన కానవచ్చునవి వర్ణములు గావు, పెక్కు కులములు. సంఘము మెట్లుగా నేర్పడుట లోకమంతట గలదు. కాని ధనముచే నేర్పడిన మెట్టును ధనముచేతనే యెక్కవచ్చును. కులము పుట్టుకతో వచ్చును, వివాహము దాని హద్దులోనే జరుగును, వృత్తి తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. కుమ్మరి, కమ్మరి, చాకలి, మంగలి మొదలగువారికి కళ్లములో కొలిచి యిచ్చుచుండిన మేర ఈ యేర్పాటునకు ఆర్థికమైన కట్టు. దీనిని పరస్పర సహకారమని పొగడువారు, కొలపాత్ర యెవరి చేతిలో నుండెనో యడుగ మఱతురు. పొలమున నాట్లు, కోతలు సాగించిన మాల మాదిగల పేటలైతే ఊరి వెలుపలనే యుండెను.

దినదినము కులము కంటికి కనబడినది అన్నము నీళ్ల యందే. ఎవరు వండినది ఎవరు తినవచ్చును, ఏ బావిలో ఎవరు చేద వేయవచ్చును అను నియమములే దానికి కావలి. అంటరానివారని త్రోయబడినవారు బావికి దూరముగా కడవతో నిలిచి, ఒకరు పోయువఱకు కనిపెట్టుకొనవలసి యుండెను.

సీతమ్మగారు (1841–1909) మండపేటలో జన్మించి, లంకల గన్నవరమునకు కోడలుగా వచ్చిన బ్రాహ్మణ స్త్రీ. కులము నడుగక, వేళ చూడక, వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. అన్నపు నియమము ఆ గడపయందు సడలినది. అయినను పెట్టు చేయి పైనను, పట్టు చేయి క్రిందను ఉండుట మాఱలేదు. భూమిని, వివాహమును దానము ముట్టజాలదు. ఇది ఆమె లోపము కాదు, దానమునకు గల హద్దు.

మామిడికుదురున 1911లో పుట్టిన బోయి భీమన్నగారు మఱియొక త్రోవ చూపిరి. వారి ‘పాలేరు’ నాటకమున పాలేరును పైకి తెచ్చినది చదువు. అతడు ఎవరి వడ్డనకును ఎదురుచూడ నక్కఱలేకపోయెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసెను. బావికాడి నియమము చట్టముచే నేరమైనది. పెండ్లిమాటలలో మాత్రము నేటికిని చాలయిండ్లలో మొదట నడుగునది కులమే.