హయిల్ అను హెబ్రీ మాట

చదువవలసిన వాక్యభాగములు: రూతు 2, 3, 4 అధ్యాయములు, సామెతలు 31:10-31, నిర్గమకాండము 18:13-26, న్యాయాధిపతులు 6:11-16.

మీ బైబిలులో రూతు గ్రంథము తెరచి రెండు చోట్ల వ్రేలు పెట్టుడి. మొదటిది 2:1. అక్కడ బోయజు చాల ఆస్తిపరుడని వ్రాయబడియున్నది. రెండవది 3:11. అక్కడ ఆ బోయజే రూతుతో మాటలాడుచు, ఆమె యోగ్యురాలని తన జనులందరు ఎరుగుదురని చెప్పుచున్నాడు. ఆస్తిపరుడు అనునది ఒక మాట, యోగ్యురాలు అనునది మరియొక మాట. తెలుగులో చదువుకొనువారికి ఈ రెంటికిని సంబంధమున్నట్టే తోచదు. అయితే హెబ్రీ మూలములో రెండు చోట్లను ఉన్నది ఒకే మాట. ఆ మాట హయిల్.

దీనికి హెబ్రీలో మూడే అక్షరములు. మొదటి అక్షరమును గొంతు లోపలినుండి, మన హకారమునకును ఖకారమునకును నడుమ పలుకవలెను. పాత నిబంధనలో ఇది 200 మారులకు పైగా కనబడుచున్నది. దీని మూలార్థము బలము. ఏ బలము? మన పల్లెలలో ఒకనిని గూర్చి వానికి అంగబలమున్నది, అర్థబలమున్నది అని చెప్పుకొందుము. వెంట నిలుచు మనుష్యులు అంగబలము, ఇంటనున్న ధనము అర్థబలము. హయిల్ అను మాటలో ఈ రెండును ఇమిడియున్నవి. అందుచేత మన అనువాదకులు సందర్భమును బట్టి ఒక చోట సైన్యమనియు, ఒక చోట భాగ్యమనియు, వేరొక చోట పరాక్రమమనియు, సామర్థ్యమనియు, యోగ్యత యనియు వ్రాసిరి. అది తప్పు కాదు. ఒకే తెలుగు మాటతో అన్ని చోట్లను గడుపుకొనుట ఎవరితరము కాదు. గాని దానివలన మనకు ఒక నష్టము కలిగినది. బోయజునకు ఇయ్యబడిన మాటయే పరిగె ఏరుకొను ఒక విధవరాలికిని ఇయ్యబడినదని మనకు తెలియకపోయెను.

సైన్యమను అర్థము మొదట చూతము. నిర్గమకాండము 14వ అధ్యాయములో ఫరో సైన్యమునకు ఈ మాటయే వాడబడినది. తెల్లవారునప్పటికి ఆ హయిల్ సముద్రము పాలయ్యెను. నేటికిని ఇశ్రాయేలు దేశములో సైనికుని హయ్యాల్ అందురు. అది ఈ మాటకు చుట్టమే. ధనమను అర్థమునకు ద్వితీయోపదేశకాండము 8:17-18 చదువుడి. కడుపు నిండి, మంచి ఇండ్లు కట్టుకొని, గొఱ్ఱెలు పశువులు విస్తరించిన తరువాత, తన చేతిబలమే తనకు ఈ హయిల్ తెచ్చిపెట్టినదని జనుడు మనస్సులో అనుకొనునని మోషే ముందుగానే ఎరిగి హెచ్చరించెను. ఇక నయమాను సంగతి మీకు తెలిసినదే. రాజులు రెండవ గ్రంథము 5:1లో అతడు గిబ్బోర్ హయిల్, అనగా హయిల్ గల వీరుడు. అదే వచనము అతడు కుష్ఠరోగి అని కూడ చెప్పుచున్నది. అతనికి దారి చూపినది చెరపట్టబడి అతని ఇంట పనిచేయుచున్న ఒక చిన్నది.

యిత్రో తన అల్లుడైన మోషేకు చెప్పిన ఆలోచనయొద్ద మనము కొంచెము సేపు ఆగవలెను. నిర్గమకాండము 18:21లో, జనులకు న్యాయము తీర్చుటకు హయిల్ గల మనుష్యులను ఏర్పరచుకొమ్మని అతడు చెప్పెను. మన బైబిలు ఇక్కడ సామర్థ్యము అని వ్రాసినది. ఇక్కడ ఆస్తి అని వ్రాయుట కుదరదు. నిన్నమొన్నటివరకు ఐగుప్తులో ఇటుకలు చేసిన జనములో భూస్వాములెవరు? ఆ హయిల్ ప్రక్కను మరి మూడు సంగతులు పెట్టబడినవి. వారు దేవునికి భయపడవలెను, సత్యమును కోరవలెను, లంచము నసహ్యించుకొనవలెను.

మన సంఘములలో పెద్దలను ఏర్పరచుకొను దినమున జరుగు మాటలు వినుడి. మందిరము పైకప్పునకు ఎక్కువ చందా ఎవరు ఇయ్యగలరు? మండలాఫీసులో పలుకుబడి ఎవరికున్నది? ఎవరి వెనుక నాలుగిండ్లవారు నిలుతురు? ఇదియు హయిల్ అను మాటకు ఒక అర్థమే, కాదనను. అయితే యిత్రో చెప్పిన అర్థము కాదు. దీనిని నేను కొంచెము గట్టిగానే చెప్పుచున్నాను. ఏలయనగా పొలము గట్టు తగవుతోనో, మరిది పెట్టు బాధతోనో ఒక విధవరాలు ఆ పెద్దలయొద్దకే రావలెను. ఆమె చేతిలో చందా లేదు, వెనుక నాలుగిండ్లు లేవు. అప్పుడు ఆ పెద్దలలో ఏ హయిల్ ఉన్నదో బయటపడును.

గిద్యోను సంగతి రైతులైన మీకు బోధపడినంతగా పట్టణవాసులకు బోధపడదు. ధాన్యమును గాలి తగులు కళ్లములో నూర్చి తూర్పారబట్టుదురు గాని గాలి సోకని గుంటలో ఎవరును నూర్చరు. గిద్యోనైతే మిద్యానీయులు చూచి దోచుకొందురేమోయని ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుచుండెను. ప్రాణముకంటె గింజలకే ఎక్కువ వెరచిన దినములవి. ఆ చాటుననున్నవానిని యెహోవా దూత గిబ్బోర్ హయిల్ అని పిలిచెను. హేళన కాదు. తన కుటుంబము మనష్షేలో ఎన్నికలేనిదనియు, తన ఇంట తాను కనిష్ఠుడననియు అతడే ఒప్పుకొనెను. అంగబలమును గూర్చి అడుగుదురేమో, 32,000 మందితో బయలుదేరినవానికి దేవుడు 300 మందినే మిగిల్చెను.

ఇప్పుడు రూతు. కోతమిషన్లు వచ్చిన తరువాత పరిగె ఏరుట అనగా ఏమో మన పిల్లలు ఎరుగరు గనుక ఇంటిలోని ముసలివారు వారికి చెప్పవలెను. కోసినవారి వెనుక నడుచుచు, రాలిన వెన్నులను వంగి ఒక్కొక్కటిగా ఏరుకొనుట. నడుము విరుగు పని. బీదలకును పరదేశులకును పొలము అంచులను, రాలిన పరిగెను విడిచిపెట్టవలెనని లేవీయకాండము 19వ అధ్యాయములో ఆజ్ఞయున్నది. అయినను ఒంటరియైన స్త్రీకి ఆ పొలములలో భయము లేకపోలేదు. తన పనివారు ఆమెను ముట్టకూడదని బోయజు ప్రత్యేకముగా ఆజ్ఞాపించవలసి వచ్చుటయే దానికి సాక్ష్యము.

ఆమె ఉదయము మొదలు అస్తమయము వరకు ఏరి, ఏరినది దుళ్లగొట్టగా తూమెడు యవలాయెను. మూలములో ఏఫా అని ఉన్నది. అది 20 లీటర్లకు తక్కువ కాదు. మధ్యాహ్నమున తనకు పెట్టిన పేలాలలో మిగిలినవి కొంగున దాచి అత్తకు తెచ్చి పెట్టెను. ఒక దినము కాదు, యవలకోత మొదలు గోధుమకోత ముగియువరకు. ఒర్పా తిరిగి పుట్టింటికి వెళ్లినందుకు నేను ఆమెను నిందింపను. నయోమి కోరినదే ఆమె చేసెను. రూతైతే ఎవరును అడుగని బరువును ఎత్తుకొనెను.

మరియొకటి గమనించుడి. ఆ గ్రంథములో ఆమె ఊరికే రూతు అని పిలువబడినది కొన్ని చోట్లనే. పదే పదే మోయాబీయురాలైన రూతు అని వ్రాయబడుచున్నది. కూలివారిమీది మేస్త్రీని బోయజు అడిగినప్పుడు వాడు పేరైనను చెప్పక, మోయాబునుండి వచ్చిన చిన్నది అని మాత్రము చెప్పెను. మనిషిని పేరుతో గాక పేట పేరుతో పిలుచు ఊళ్లలో పుట్టినవారమైన మనకు దీని నొప్పి వేరుగా వివరింపనక్కరలేదు.

అట్టి స్త్రీ, రాత్రివేళ, కళ్లములో, ఒక గొప్పవాని పాదములయొద్ద ఉన్నది. ఎవరైన చూచినయెడల ఆమెను గూర్చి ఊరు ఏమనుకొనునో చెప్పనేల? సరిగా ఆ ఘడియలో బోయజు ఆమెను ఏషెత్ హయిల్, అనగా హయిల్ గల స్త్రీ అని పిలిచెను. తనకు జనులిచ్చు మాటను ఆమెకిచ్చెను. ఆ మాట తనది కాదు, ఊరిది అని కూడ చెప్పెను. తెలుగులో జనులందరు అని ఉన్నచోట హెబ్రీలో నా జనుల గుమ్మమంతయు అని ఉన్నది. పట్టణపు గుమ్మమనగా పెద్దలు కూర్చుండి న్యాయము తీర్చు స్థలము, మన రచ్చబండవంటిది. రచ్చబండమీద ఆడదానికి చోటు లేదు. అయినను ఆ రచ్చబండ ఆమెను తూచి, హయిల్ ఉన్నదని తేల్చినది. ఆమెకు అంగబలమేది? ముసలి అత్త తప్ప ఎవరును లేరు. అర్థబలమేది? తూమెడు యవలు. మరి ఆ పెద్దలు తూచినదేమి? అలసిన దేహముతో ఇంకొకరిని బ్రదికించిన ఓర్పును తూచిరి. దానిని వారు దయ అని మాత్రము అనలేదు, బలమనిరి.

పరిశుద్ధ గ్రంథములో ఏషెత్ హయిల్ అను మాట మూడు చోట్లనే ఉన్నది. ఒకటి ఇది. మిగిలిన రెండును సామెతలలో, 12:4లోను 31:10లోను. ఈ చివరి చోట మన బైబిలు గుణవతి అని వ్రాసినది. 1611 నాటి ఆంగ్ల బైబిలును అట్లే సుగుణములుగల స్త్రీ అను భావముతో వ్రాసెను. గుణవతి మంచి మాటయే. అయితే మన చెవికి అది నోరెత్తక తలవంచుకొని ఉండు స్త్రీని చూపించును. మూలమందున్న స్త్రీ అట్టిది కాదు. ఆ పద్యము హెబ్రీ అక్షరమాల క్రమమున 22 వచనములుగా కట్టబడినది. అందులో ఆమె పొలము చూచి కొనును, ద్రాక్షతోట నాటించును, నేసినది అమ్మును, దీనులకు చేయి చాపును. 11వ వచనములో లాభమని మనవారు వ్రాసినచోట మూలములోని మాట యుద్ధమునుండి తెచ్చు దోపుడుసొమ్ము. కవి బుద్ధిపూర్వకముగానే యుద్ధపు మాటలు తెచ్చి ఇంటిలో పెట్టెను. అదే అధ్యాయము 3వ వచనములో రాజుతల్లి తన కుమారుని బలమును పాడుచేసికొనవద్దని హెచ్చరించుచు వాడినదియు హయిల్ అను మాటయే.

పెండ్లిపందిరిలో ఈ భాగము చదివి, క్రొత్త పెండ్లికుమార్తెకు చేయవలసిన పనుల పట్టీవలె ఒప్పగించుట మన బోధకులలో కొందరికి అలవాటు. ఆ పట్టీ చదువుచుండగా అవతల కట్నము లెక్క సాగుచుండును. యూదులు దీనిని అట్లు వాడరు. వారి గృహములలో శుక్రవారము సాయంకాలము, విశ్రాంతిదినపు భోజనమునకు ముందు, ఇంటి ఇల్లాలి యెదుట దీనిని పాడుట ఆచారము. అది ఆమెకు పెట్టు పరీక్ష కాదు, ఆమెకు చెల్లించు కృతజ్ఞత.

1008వ సంవత్సర ప్రాంతమున వ్రాయబడి నేడు రష్యాదేశపు సెయింట్ పీటర్స్‌బర్గులోనున్న ఒక హెబ్రీ చేతివ్రాత ప్రతిలో సామెతల గ్రంథము ముగిసిన వెంటనే రూతు గ్రంథము ప్రారంభమగును. ఏషెత్ హయిల్ ఎవనికి దొరకునని సామెతలలో అడిగి, కొన్ని పుటలు త్రిప్పగానే ఒక మోయాబీయురాలు కనబడుట నాకు మిక్కిలి ఇష్టము.

మన స్త్రీల సమాజములో ఒక సహోదరి ఇట్లడుగవచ్చును: అయ్యగారూ, రూతు యౌవనస్థురాలు, వంగి ఏరగలిగినది, నాకు మోకాళ్లు పట్టుకొనిపోయినవి, నాలో ఏ హయిల్ ఉన్నది? ఈ ప్రశ్న న్యాయమైనది. మందిరమును తిరిగి కట్టుచున్న జెరుబ్బాబెలును ఇట్టి స్థితిలోనే ఉండెను. క్రీ.పూ. 520 ప్రాంతమున చెరనుండి వచ్చినవారు కొద్దిమంది, సైన్యము లేదు, ధనము చాలదు. జెకర్యా 4:6లో దేవుడు అతనికి చెప్పినదానిలో శక్తి అని మనము చదువునది హయిల్ అను మాటయే. దానిచేత కాదు, నా ఆత్మచేతనే జరుగునని ఆయన సెలవిచ్చెను. హబక్కూకు మరి ఒక అడుగు ముందుకు వేసెను. అంజూరము పూయలేదు, పొలము పండలేదు, దొడ్డిలో గొఱ్ఱె లేదు, సాలలో పశువు లేదు; రైతుకు హయిల్ అనదగినదంతయు పోయినది. అప్పుడు అతడు 3:19లో ప్రభువైన యెహోవాయే తన హయిల్ అనెను. యూదులు ప్రాచీనకాలమున చేసిన గ్రీకు అనువాదములో రూతు 3:11కు వాడిన మాట దునామిస్. బలహీనతయందే తన శక్తి పరిపూర్ణమగునని ప్రభువు పౌలునకు చెప్పినప్పుడు, ఆ శక్తికి 2 కొరింథీయులకు 12:9లో ఉన్న మాటయు అదే. కాబట్టి మోకాళ్లు పట్టుకొనిపోయిన ఆ సహోదరి, మంచముమీదనుండి మనుమలకు వాక్యము చెప్పుచు, ప్రక్కింటి రోగికొరకు ప్రార్థించుచున్నయెడల, ఆమె పేరును ఈ మాట ప్రక్కను వ్రాయుటకు నేను సందేహింపను.

రూతు గ్రంథము చివర ఈ మాట మరియొకసారి వచ్చును. 4:11లో గుమ్మమునొద్దనున్న పెద్దలు బోయజును దీవించుచు, ఎఫ్రాతాలో అతడు హయిల్ కలిగి వర్ధిల్లవలెనని కోరిరి. అప్పటికే ఆస్తిపరుడైనవానికి ఆ దీవెన ఏల? అతనికి ఇంకను రావలసినది ఆ పరదేశురాలి ద్వారా రావలసియుండెను. బిడ్డ పుట్టిన దినమున ఊరి ఆడవారు నయోమియొద్ద కూడుకొనిరి. కుమారుల సంఖ్యనుబట్టి ఇంటి బలమును లెక్కించు ఆ కాలములో, ఇద్దరు కుమారులను పాతిపెట్టిన తల్లియెదుట నిలిచి, నీ కోడలు ఏడుగురు కుమారులకంటె మేలని వారు లెక్క తేల్చిరి.