రోగి మంచం పక్కన ధమ్మం

 

ఇంట్లో అమ్మకో నాన్నకో క్యాన్సర్ అని తేలిన వారం తిరక్కుండానే మన ఉపాసక కుటుంబాలకి ఒక మాట వినపడుతుంది. "దేవుళ్ళని వదిలేశారు, పటాలు తీసేశారు, ఇప్పుడు చూడండి ఏమైందో." అమలాపురంలో విన్నాను, రాజోలులో విన్నాను, కొత్తపేట వైపూ విన్నాను. అనేది శత్రువులు కాదు. మన మేనత్తలే, పిన్నులే, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ అంటారు. మీరూ వినే ఉంటారు. అందుకని ఈ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.

బౌద్ధం పుచ్చుకుంటే జబ్బు రాదని మనకెవరూ మాటివ్వలేదు. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకునే నాటికే చక్కెర జబ్బుతో బాగా నీరసించి ఉన్నారు. డిసెంబర్ 6న కన్నుమూశారు. లెక్క వేయండి, 53 రోజులు. బుద్ధుడికి ముసలితనంలో నడుం నొప్పి ఉండేది. ఆఖరి రోజుల్లో రక్త విరేచనాలతో బాధపడుతూనే కుశినారకు నడిచాడు. వాళ్ళిద్దరికీ లేని మినహాయింపు మన అమ్మానాన్నలకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకో మాట కూడా వస్తుంది, పూర్వజన్మ పాపం అని. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సరిగ్గా ఇదే అడిగాడు. మనిషి పడే బాధంతా వెనకటి కర్మ ఫలమేనంటారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పైత్యం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసి రావడం, ఋతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, దెబ్బలు, కర్మ. ఎనిమిదింట్లో కర్మ ఒకటి మాత్రమే. అన్నిటినీ దాని మీదికే నెట్టేవాళ్ళు తప్పు చెబుతున్నారని కూడా అన్నాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - అతని ధమ్మం'లో ఇంకా ముందుకెళ్ళి, గతజన్మ కర్మ ఈ జన్మకి అంటుకొస్తుందన్న మాటనే కొట్టిపారేశారు. మనల్ని వేల ఏళ్ళు అణచిపెట్టిన మాట కూడా అదే కదా. దాన్ని జబ్బు మంచం దగ్గరికి రానివ్వకండి.

సరే, మొక్కుకోడానికి ఎవరూ లేరు, బేరం ఆడటానికి ఎవరూ లేరు. మరి మన శ్రద్ధ ఆసుపత్రిలో ఏం చేస్తుంది?

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. కడుపు జబ్బు చేసిన భిక్షువు ఒకడు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఎందుకు లేరని బుద్ధుడు అడిగితే, నేను వాళ్ళకి ఏ పనికీ రాను, అందుకే చూడరు అన్నాడు. బుద్ధుడు ఆనందుడి చేత నీళ్ళు తెప్పించాడు. తను నీళ్ళు పోస్తే ఆనందుడు ఒళ్ళు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలని చెప్పాడు.

ఇక్కడ మగవాళ్ళతో ఒక మాట. మనం బండి నడుపుతాం, బిల్లు కడతాం, స్కానింగ్ కాగితాలు పట్టుకుని తిరుగుతాం. వాంతి ఎత్తడం, బట్టలు మార్చడం మాత్రం అక్కచెల్లెళ్ళకో, ఇంటావిడకో వదిలేస్తాం. బుద్ధుడు నీళ్ళు పోయడానికి ఎవరి కోడలినీ పిలవలేదు. రోగి దగ్గర ఉండేవాడికి కావలసిన ఐదు గుణాలు చెప్పినప్పుడు, మలమూత్రాలు, వాంతి, ఉమ్మి ఎత్తడానికి అసహ్యించుకోకపోవడం అందులో ఒకటిగా చేర్చాడు. మందు సిద్ధం చేయగలగడం, ఏది పడుతుందో ఏది పడదో తెలిసి ఉండటం, లాభం కోసం కాక ప్రేమతో చేయడం మరో మూడు. ఐదోదేమిటంటే, అప్పుడప్పుడూ ధమ్మం మాటలతో రోగిని ఉత్సాహపరచడం. అక్కడ పాళీలో ఉన్న మాటల్లో ఆఖరిది 'సంపహంసన'. సంతోషపెట్టడం అని అర్థం. నవ్వుకి చోటు నాకు ఆ మాటలోనే కనపడింది.

మా అమ్మకి రొమ్ములో గడ్డ. ఆపరేషన్ అయ్యాక 21 రోజులకోసారి కీమో. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉందని మీకు తెలుసు. మన వాళ్ళు అక్కడికీ, కాకినాడకీ, రాజమండ్రికీ తిరుగుతుంటారు. మేమూ విశాఖ వైపే తిరిగాం. యానాం వంతెన దాటి కాకినాడ, తుని, అనకాపల్లి మీదుగా. అనకాపల్లి వచ్చినప్పుడల్లా ఆ పక్కనే బొజ్జన్నకొండ ఉందని, కొండని తొలిచి బుద్ధుడి విగ్రహాలు చెక్కారని చెప్పేవాణ్ణి. నాలుగోసారికి అమ్మ అంది, "ఆయన కొండలో చల్లగా కూర్చున్నాడు, నేను బస్సులో ఉడికిపోతున్నాను, కిటికీ తియ్యరా ముందు."

జుట్టంతా రాలిపోయాక అద్దంలో చూసుకుని, "చీవరం ఒక్కటే తక్కువ, నేనూ భిక్షుణినే" అంది. బస్సులో పక్కసీటావిడ తిరుపతి వెళ్ళొచ్చారా అని అడిగితే, "లేదండీ, మూడువారాలకోసారి ఎక్కే కొండ వేరే ఉంది" అంది. మా చిన్నమ్మ చర్చి నుంచి ప్రార్థన చేసిన నూనె తెచ్చింది. నేను నసుగుతుంటే అమ్మే తల వంచింది. "రాయనీరా, జిడ్డు అంటుకోడానికి జుట్టెక్కడుంది?" చిన్నమ్మ నవ్వుతూ ఏడ్చింది. వద్దని ఉంటే ఆవిడ మళ్ళీ మా గడప తొక్కేది కాదేమో. నూనె రాయించుకున్నంత మాత్రాన త్రిశరణాలు చెరిగిపోవు.

ఒకసారి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుర్ర డాక్టరు గారు, కొద్దికొద్దిగా తెలుగు నేర్చుకున్నాయన, "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అన్నాడు. అమ్మ "ఆయ్!" అంది. ఆయన కంగారుపడి "ఎక్కడ నొప్పి?" అన్నాడు. "నొప్పి లేదండీ." "నిద్ర పట్టిందా?" "ఆయ్!" మా కోనసీమలో ఆయ్ అంటే అవునండీ అని నేను చెప్పేసరికి వార్డంతా నవ్వింది. ఆ తర్వాత ఆయన కూడా అమ్మతో ఆయ్ అనే మాట్లాడాడు.

కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. జోకు ముందు రోగి నోట రావాలి, తర్వాతే మనం అందుకోవాలి. కీమో ఎక్కిన మూడో రోజు, నాలుక మీద ఇనుప రుచి, చారన్నం కూడా సయించదు. అప్పుడు ఊరుకోవడమే మాట. ధైర్యంగా ఉండాలి అని రోజుకి పదిసార్లు చెప్పేవాళ్ళని చూశాను. అది చెప్పేవాడి ధైర్యం కోసం.

నవ్వు వెనక నొప్పి దాక్కోకుండా కూడా చూసుకోవాలి. రోగికి కావలసిన ఐదు గుణాల్లో, జబ్బు పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని ఉన్నదున్నట్టు చెప్పడం ఒకటి. మన తల్లులు అది చెప్పరు, పిల్లలు కంగారుపడతారని. రాత్రి ఒళ్ళు కాలిపోతున్నా తెల్లారనీ అంటారు. కీమో జరుగుతున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకి వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. థర్మామీటరు ఇంట్లో పెట్టుకోండి, రాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

అలాగే రోగికి జబ్బు పేరు చెప్పకుండా 'చిన్న గడ్డ' అని దాచే ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. ఆవిడ వార్డులో బోర్డు చదువుకోలేదనా? చెప్పే సమయం, చెప్పే తీరు చూసుకోండి. చెప్పడం మాత్రం మానకండి.

నకులపిత అనే ముసలి గృహస్థు, ఒళ్ళు పాడైందని బుద్ధుడి దగ్గర చెప్పుకుంటే, ఒళ్ళు జబ్బుపడినా మనసు జబ్బుపడకుండా సాధన చెయ్యమన్నాడు. ఇది రోగికే అనుకున్నాను. పక్కన కూర్చునేవాళ్ళకి ఇంకా ఎక్కువ అవసరం. ముందే చూపించి ఉంటే, ఆ తిండి పెట్టకుండా ఉంటే అని రాత్రుళ్ళు తమని తాము తిట్టుకునే కొడుకులూ కూతుళ్ళూ ఎందరో. చుందుడు పెట్టిన భోజనం తిన్నాకే బుద్ధుడికి ఆఖరి జబ్బు వచ్చింది. అంత నొప్పిలోనూ ఆయన ఆనందుడికి ఒక పని అప్పజెప్పాడు. చుందుడు తనని తాను నిందించుకోకుండా చూడు, అది గొప్ప దానమని అతనికి చెప్పు, అని. పోయేవాడు అన్నం పెట్టినవాడి గురించి బెంగపడ్డాడు. నేను ఆ ఘట్టాన్ని అమ్మకి చదివి వినిపిస్తే, "చుందుడు పాపం తిన్నాడో లేదో" అంది.

అమ్మకి రేడియేషన్ కూడా అయింది. మూడు నెలలకోసారి చూపిస్తున్నాం. మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఖర్చు సంగతి తెలిసిందే. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, అందులో క్యాన్సర్ వైద్యం ఉంది. కార్డు, ఆధార్ ముందే సరిచూసుకోండి. కానీ బస్సు చార్జీ, తోడుండేవాడి కూలి పోయిన రోజులు ఏ కార్డులోనూ ఉండవు. అందుకే వందనకి వచ్చే మేము నలుగురం ఒక నోటుబుక్కు పెట్టాం. ఎవరు ఏ రోజు రోగికి తోడు వెళతారు, ఎవరు క్యారేజీ పంపుతారు, ఎవరి రక్తం ఏ గ్రూపు, అన్నీ అందులో రాస్తాం. ఇప్పుడు మా పక్క ఊరి పెద్దాయన ఒకరికి గొంతు క్యాన్సర్, రోజూ రేడియేషన్. సోమ, బుధ, శుక్రవారాలకి మనుషులు దొరికారు, గురువారం నేను వెళతాను. మంగళవారం ఇంకా ఖాళీగా ఉంది.