గట్టు బాగుంది, గొయ్యి నొప్పెడుతోంది

మా మావయ్యది కృత్తివెన్ను. నడుము దగ్గర ఒక వెన్నుపూస ముందుకి జారిందని స్పైనల్ ఫ్యూజన్ చేశారు. కాలు లాగడం పోయింది. కానీ కుడి తుంటి మీద కొత్త నొప్పి మొదలైంది. వీపు కోస్తే తుంటి నొప్పేంటి? "ఆపరేషన్ ఫెయిలైందిరా, మీ అత్తకి చెప్పకు" అన్నాడు నాతో. నాది సివిల్ బ్రాంచి. అయినా కూర్చుని చదివాను.

ఫ్యూజన్ అంటే రెండు వెన్నుపూసల్ని ఒకే ఎముకగా అతికించడం. స్క్రూలూ రాడ్లూ వేస్తారు గానీ, అవి స్లాబుకి సెంట్రింగ్ లాంటివే. అసలు పని మధ్యలో పెరిగే ఎముకది. అది పెరగకపోతే మనం చదివిన ఫెటీగే: అడుగు అడుగుకీ లోడు పడి ఏదో ఒక రోజు స్క్రూ వదులవుతుంది, లేదా రాడ్డు విరుగుతుంది.

1911లో న్యూయార్క్‌లో ఆల్బీ, హిబ్స్ అనే సర్జన్లు వేర్వేరుగా ఈ పద్ధతి మొదలుపెట్టారు, వెన్ను టీబీ రోగుల కోసం. ఆల్బీ మోకాలి కింది ఎముక నుంచి ముక్క తీసి వీపులో పెట్టాడు. తర్వాత్తర్వాత అందరూ ఎంచుకున్న చోటు ఇలియాక్ క్రెస్ట్, అంటే బెల్టు పెట్టుకునే చోట చేతికి తగిలే తుంటి ఎముక అంచు. అందులో బతికున్న కణాలుంటాయి, ఎముకని పెరగమనే ప్రోటీన్లుంటాయి, కొత్త ఎముక అల్లుకోవడానికి గుల్లటి నిర్మాణం ఉంటుంది. పైగా సొంతది, శరీరం తిప్పికొట్టదు.

మా వైపు రొయ్యల చెరువు తవ్వడం చూసినవాళ్లకి మిగతాది తెలిసినట్టే. గట్టుకి మట్టి కావాలంటే ఎక్కడో గొయ్యి పడాలి. మావయ్య వీపులో గట్టు, తుంటిలో గొయ్యి. దీన్నే డోనర్ సైట్ నొప్పి అంటారు. ఎముక చెక్కినప్పుడు కండరం ఊడదీస్తారు. దానికి తోడు క్లూనియల్ నరాలు, పిరుదు చర్మానికి స్పర్శ తెచ్చేవి, వెన్ను మధ్య నుంచి సుమారు 7, 8 సెంటీమీటర్ల దూరంలో ఆ అంచు దాటి దిగుతాయి. కోత అటు జరిగితే అవి దెబ్బతిని మంట, తిమ్మిరి. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది దాటినా ఉంటుంది.

ఇక్కడ నేనూ తొందరపడ్డాను. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, తుంటి నుంచి ఎముక తీయనివాళ్లు కూడా దాదాపు అంతే నొప్పి చెప్పారు. అంటే నడుము నొప్పే అక్కడికి పాకొచ్చు. నొప్పి ఉంది కాబట్టి గొయ్యిదే తప్పు అనడానికి లేదు, డాక్టరు చూడాల్సిందే.

తుంటి జోలికి పోకుండా చేసే దారులున్నాయి: ఆపరేషన్లో తీసేసిన వెన్నుపూస ముక్కల్నే వాడటం, బోన్ బ్యాంకు ఎముక, 2002లో అమెరికాలో అనుమతి వచ్చిన బీఎంపీ ప్రోటీన్. అది ఖరీదు. మెడలో వాడితే గొంతు వాచి ఊపిరాడక పోవచ్చని 2008లో అక్కడే హెచ్చరిక ఇచ్చారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఫ్యూజన్ అన్నారా, "ఎముక ఎక్కడినుంచి తీస్తారు సార్?" అని ముందే అడగండి. తర్వాత జ్వరం, చీము, పెరిగే వాపు ఉంటే మాత్రం ఆగకుండా వెళ్లండి.

మావయ్యని బందరు తీసుకెళ్లాను. ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది. డాక్టరుగారు తుంటి మీద వేలితో నొక్కి "ఇక్కడేనా?" అన్నారు. మావయ్య ఉలిక్కిపడి "ఆఁ, అక్కడేనండీ!" అన్నాడు. పూర్తిగా పోతుందని మాటివ్వలేదాయన, మందు రాశారు. దార్లో మావయ్య ఆరు నెలల్లో మొదటిసారి అత్తకి తనే ఫోన్ చేసి, "గట్టు గట్టిగానే ఉందంటే" అన్నాడు. బెల్టు మాత్రం ఇప్పటికీ పెట్టడు, లుంగీ ముడి ఎడమపక్కకి మార్చుకున్నాడు.